ఉయ్యాలకూ బీరుకూ మధ్య దూరం

మార్చి 4, మంగళవారం

ఇవాళ ఆఫీసుకి కొత్త ఫైలు వచ్చింది. పార్కుల్లో ఉన్న రెస్టారెంట్లు ఇకమీదట బీరూ వైనూ ఇవ్వొచ్చట. కౌన్సిల్ తీర్మానం. ఒక్కటే షరతు, పిల్లల ఆటస్థలానికి కనీసం డెబ్భై ఐదు మీటర్ల దూరం ఉండాలి. పెద్ద పార్కులో ఆ దూరం కొలిచే పని నాకు పడింది. పార్కుల విభాగంలో పదకొండేళ్లుగా నేను చేసేది అదే. ఏ బెంచీకి ఏ చెట్టు ఎంత దూరమో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నేను ఇంటికెళ్లి చెప్పేలోపే మా ఆయనకి తెలిసిపోయింది. ఆయన ఆ పార్కు రెస్టారెంట్లోనే వంట చేస్తాడు. ఓనరు పొద్దున్నే అందరినీ వరసగా నిలబెట్టి చెప్పాడట. లైసెన్సు వస్తే వంటగది పెంచుతాను, నిన్ను హెడ్ కుక్‌ని చేస్తాను అన్నాడట ఆయనతో. రాకపోతే జూన్ ఆఖరుకి షట్టర్ దించేస్తాడట. మొదటి మాట నాకు రెండుసార్లు చెప్పాడు మా ఆయన. రెండోది ఒక్కసారే, అదీ గ్లాసులో మొహం పెట్టుకుని నీళ్లు తాగుతూ.

పోయినేడు ఎనిమిది నెలలు ఆయనకి పని లేదు. అప్పుడు ఇల్లు ఎలా ఉండేదో ఈ డైరీలో రాయలేదు. ఇప్పుడూ రాయను.

మార్చి 6, మధ్యాహ్నం

యాభై ఎనిమిది.

మార్చి 6, సాయంత్రం 6.30

మూడుసార్లు కొలిచాను. పార్కు వాచ్‌మన్ టేపు చివర పట్టుకున్నాడు. రెస్టారెంట్ బయటి మెట్టు నుంచి మొదటి ఉయ్యాల స్తంభం దాకా యాభై ఎనిమిది మీటర్లు. టేపు వదులుగా ఉందేమోనని బిగించి లాగితే ఇంకో జానెడు తగ్గింది.

మూడోసారి కొలిచేసరికి అత్తయ్యా పాపా వచ్చేశారు. అత్తయ్య రోజూ అయిదింటికి పాపని ఉయ్యాలల దగ్గరికి తీసుకొస్తుంది. తన ఈడువాళ్లు ఇంకో ముగ్గురు అక్కడ బెంచీ మీద చేరతారు. అక్కణ్ణుంచి చూస్తే వంటగది కిటికీలో కొడుకు కనబడతాడు. ఏం కొలుస్తున్నావమ్మా అంది. దూరం అన్నాను. ఎవరికీ ఎవరికీ మధ్య అంది. బెంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నాకు బీరు మీద కోపమేం లేదు. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నమాటే రాస్తున్నాను. ఆఫీసు పార్టీలో ఒకసారి వైన్ తాగాను, పుల్లగా ఉంది, అంతకు మించి ఏమీ కాలేదు. అన్నం తింటూ ఒక గ్లాసు తాగే మనిషి వల్ల ఎవరి కొంపా మునగదు. కానీ యాభై ఎనిమిది యాభై ఎనిమిదే. డెబ్భై ఐదు ఎలా అవుతుంది?

మార్చి 9, ఆదివారం

ఆఫీసు నోట్‌లో యాభై ఎనిమిది అని రాసిచ్చిన సంగతి ఆయనకి ఓనరు నోటి ద్వారా తెలిసింది. నేను చెప్పి ఉండాల్సింది.

పొద్దున పాప నిద్ర లేవకముందే మొదలైంది. పదిహేడు మీటర్లే కదా తక్కువ అన్నాడు. టేపు నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు. టేపు నా చేతిలో ఉంది, అంకెలు లేవు అన్నాను. అంకెలపాటి చెయ్యడా మొగుడు అన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ ఎప్పుడూ మధ్యలోకి రాదు. రాకపోవడమే మంచితనమో, ఇద్దరి మీదా కోపమో నాకు ఇన్నేళ్లలో తెలియలేదు.

చివరికి నాకు ఒళ్లు మండింది. అంత కావాలంటే ఆ ఉయ్యాలల్నే పీకి అవతలెక్కడో పాతమను మీ ఓనర్ని అన్నాను.

ఆయన టక్కున ఆగిపోయాడు. గెలిచాననుకున్నాను.

మార్చి 12

మా ఇంజినీరు గారు పిలిచారు. ఏది అడిగినా చూద్దాం అంటారు కాబట్టి ఆఫీసులో ఆయన్ని చూద్దాం సారు అంటాం. ఇవాళ మాత్రం చూడనక్కర్లేకుండానే మాట్లాడారు. జనం గాల్లో ఎగిరి వెళ్తారా అమ్మా, చెరువు చుట్టూ దారి మీద కదా నడిచి వెళ్లేది, ఆ దారి పట్టుకుని కొలవకూడదా అన్నారు. అలా కొలిస్తే ఎనభై ఒకటి వస్తుందట. ఆయనే లెక్క వేయించి పెట్టుకున్నారు. తిన్నగా కొలవాలని రూల్లో ఎక్కడుంది అన్నారు. ఫైలు తెరిచి చూశాను. నిజంగానే లేదు. దూరం అని మాత్రం ఉంది.

నేను సంతకం పెట్టనన్నాను. చాలా మెల్లిగా అన్నాను. ఆయనకి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

చూద్దాం అన్నారు.

మార్చి 15

ఇంట్లో ఆయన నాతో మాట్లాడడం లేదు. ఏం కావాలన్నా పాపతో చెప్పి పంపిస్తున్నాడు. పాపకి ఏడేళ్లు. దానికి ఇది కొత్త ఆట. అమ్మా, నాన్న చొక్కా ఎక్కడుందో నాన్న అడగమన్నాడు అంటూ రెండు గదుల మధ్యా పరుగులు పెడుతోంది.

మార్చి 20, రాత్రి 8

జనాభిప్రాయం తీసుకునే సభ. పార్కు పక్క హాల్లో. నేను వెనక వరసలో కూర్చున్నాను, ఆయన ముందు వరసలో ఓనరు పక్కన.

ఒక రిటైర్డ్ టీచరు లేచి, పిల్లలు ఆడుకునేచోట సీసాలేంటండీ, ఇళ్లలో చూసేది చాలదా అన్నాడు. చప్పట్లు. ఒక ఆవిడ లేచి, వారమంతా పనిచేసి ఆదివారం సాయంత్రం చెట్టుకింద కూర్చుని ఒక గ్లాసు తాగితే ఏమైపోతుంది, నా పిల్లల్ని నేను చూసుకోలేనా, ప్రతిదానికీ గోడలు కట్టుకుంటూ కూర్చుందామా అంది. దానికీ అన్నే చప్పట్లు. నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది. ఆ ఆవిడతో రోజూ బస్సులో వెళ్తాను, మంచి మనిషి.

అప్పుడు కౌన్సిల్ మెంబరు మైకు అందుకున్నాడు. ఇందులో గొడవపడాల్సింది ఏమీ లేదు, ఉయ్యాలల్ని వెనక గేటు వైపు మారిస్తే అందరికీ బాగుంటుంది, ఈ సలహా ఇచ్చింది పార్కుల విభాగంలోనే పనిచేసే ఒక సోదరి అన్నాడు. చూద్దాం సారు వెనక్కి తిరిగి, చెయ్యి చాపి నన్ను చూపించారు. అందరూ తల తిప్పి చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా.

పదకొండేళ్ల ఉద్యోగంలో నాకు చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి.

మార్చి 21

అడిగాను. నేనే ఓనరుతో చెప్పాను, మంచి ఆలోచన కదా, పేరు నీకే వచ్చింది కదా అన్నాడు మా ఆయన. ఆయన మొహంలో కపటమేమీ లేదు. నాకు మంచే చేశాననుకుంటున్నాడు. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

ఏప్రిల్ 3

క్రేను వచ్చింది. నాలుగు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, తిరుగుడు చక్రం. అరపూటలో అయిపోయింది. పంప్ హౌస్ వెనక, లారీలు తిరిగే రోడ్డు పక్కన పాతారు. అక్కడ నీడ లేదు. మోటారు హోరుకి పక్కనున్న మనిషి మాట వినబడదు.

కొలిచాను. తొంభై నాలుగు. ఈసారి వాచ్‌మన్ టేపు పట్టుకుని నా మొహంలోకి చూడలేదు. సంతకం పెట్టాను. పెట్టకపోవడానికి కారణం లేదు. నిజమైన అంకె.

ఏప్రిల్ 19, శనివారం

లైసెన్సు వచ్చింది. ఇవాళ మొదటి రోజు. స్టాఫ్ కుటుంబాల్ని పిలిస్తే నేనూ వెళ్లాను.

గొడవలేం జరగలేదు. జరిగి ఉంటే ఇక్కడ రాసుకుని కాస్త తృప్తి పడేదాన్ని. జంటలు, ఆఫీసువాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు. మర్యాదగా కూర్చున్నారు, మర్యాదగా తాగారు. ఒకాయన లేస్తూ కుర్చీ తగిలినందుకు నాకు సారీ చెప్పాడు. బస్సులో కనిపించే ఆవిడ గ్లాసు ఎత్తి నన్ను పలకరించింది. ఉయ్యాలలుండే చోట కొత్త బల్లలు వేశారు. నేల మీద పిల్లల కాళ్లు దున్నిన నాలుగు గుంటలు ఇంకా పూర్తిగా పూడలేదు. ఒక బల్ల కాలు ఆ గుంటలోకి దిగి ఊగుతుంటే సర్వరు అట్టముక్క మడిచి కింద పెట్టాడు.

ఏప్రిల్ 28

అత్తయ్య పార్కుకి వెళ్లడం మానేసింది. వెనక గేటు దాకా నడిస్తే మోకాళ్లు పీకుతున్నాయట. అక్కడ కూర్చోవడానికి బెంచీ కూడా లేదు. బెంచీ వేయిస్తానని చెప్పాను. ఆ ముగ్గురూ రావడం లేదుగా, ఒక్కదాన్నీ కూర్చుని లారీల్ని చూస్తూ ఏం చెయ్యనమ్మా అంది. ఎవర్నీ ఏమీ అనలేదు. సాయంత్రం అయిదింటికి టీవీ పెట్టుకుంది.

బెంచీకి అర్జీ పెట్టాను. చూద్దాం అన్నారు.

మే 11, ఆదివారం

హెడ్ కుక్ వచ్చాడు. పెద్ద హోటల్ నుంచి తెచ్చుకున్నాడట ఓనరు. వైన్ తాగేవాళ్ల రుచులు వేరట, దానికి చదువుకున్న చెయ్యి కావాలట. మా ఆయన్ని వేపుళ్ల దగ్గర పెట్టారు. బీరులోకి నంజుకునేవి. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం దాకా మరిగే నూనె ముందు నిలబడి అవే నాలుగు రకాలు. మెనూలోంచి పిల్లల ప్లేటు తీసేశారు. అది ఆయన సొంతంగా తయారుచేసిన ప్లేటు. క్యారెట్‌ని నక్షత్రాల్లా కోసి పెట్టేవాడు, తినని పిల్లలు కూడా తినేవాళ్లు.

ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. ముంజేతి మీద నూనె చిందిన బొబ్బలు చూసి నేనే అడిగాను.

నీకు ఎలా ఉందో నాకు తెలుసు అందామనుకున్నాను. ఎత్తిపొడుస్తున్నానని అనుకుంటాడేమోనని ఊరుకున్నాను. మందు రాశాను.

మే 12

మానెయ్యి అన్నాను. ఎనిమిది నెలలు గుర్తుందా అన్నాడు. గుర్తుంది.

జూన్ 6

మెమో. పెద్ద పార్కు ఆటస్థలం వినియోగంపై నివేదిక పంపాలి. మూడు సాయంత్రాలు, నాలుగు నుంచి ఆరు దాకా, వచ్చిన పిల్లల సంఖ్యా, వయసులూ. మొత్తం ముప్పైకి తగ్గితే వినియోగం లేనట్టు లెక్క. తీసేసి ఆ స్థలాన్ని రెస్టారెంట్ పార్కింగ్‌కి ఇవ్వొచ్చు.

కొలిచేది ఎవరో రాయక్కర్లేదు.

జూన్ 11

మొన్న ఇద్దరు. నిన్న ఒక్కరూ లేరు. ఇవాళ ఒకరు, అది మా పాప, నాతో వచ్చింది. కాసేపు ఊగి, అమ్మా ఇక్కడ ఎవరూ లేరు, వెళ్దాం అంది.

మొత్తం మూడు.

జూన్ 14, శనివారం, ఉదయం 11.30

ఫారం బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పిల్లల సంఖ్య అన్న గడిలో నలభై ఒకటి అని రాశాను. యాభై ఎనిమిదిని డెబ్భై ఐదు చెయ్యలేనిదాన్ని, మూడుని నలభై ఒకటి చేశాను. అప్పుడే ఈ పని చేసి ఉంటే మా ఆయనతో రెండు వారాలు మాటలుండేవి, అత్తయ్యకి బెంచీ ఉండేది, ఉయ్యాలలు ఉన్నచోటే ఉండేవి. నిజాయితీకి కూడా టైము చూసుకోవాలని నాకెవరూ చెప్పలేదు.

వయసులు విడివిడిగా రాయాలి. పదకొండు గళ్లు నింపేసరికి అన్నీ ఏడూ ఎనిమిదీ అయిపోయాయి. ఎవరు చూసినా దొంగలెక్కని తెలిసిపోతుంది. ఆయన పనికి తయారై వచ్చి నా భుజం మీంచి చూశాడు. నేను దాచలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆరు అని రాయి అన్నాడు. టమాటా ముక్కలు ఏరి పక్కన పెట్టేవాడు. తర్వాత నాలుగున్నర, కుర్చీ అందక అమ్మ ఒళ్లో కూర్చుని తినేది. తొమ్మిదీ తొమ్మిదీ, కవలలు, ఒకే ప్లేటు కోసం కొట్టుకునేవాళ్లు. పదకొండు, పెద్దదాన్నయ్యాను పెద్దవాళ్ల ప్లేటే కావాలని గొడవ చేసి సగం వదిలేసేది. అలా చెబుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా ఆలోచించుకోవడానికి ఆగలేదు. వంటగది కిటికీలోంచి ఇన్నాళ్లూ ఆయన చూసింది వాళ్ల అమ్మని మాత్రమే కాదన్నమాట.

ముప్పైమంది పిల్లలూ ముప్పై వయసులూ. అందరూ నిజంగా వచ్చినవాళ్లే. ఇప్పుడు రానివాళ్లు.

ఆయనకి పనికి ఆలస్యమైంది. సంతకం పెట్టాను.

జూన్ 17

గురువారం సాయంత్రం పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారట. నలభై ఒక్కమంది పిల్లలు కావాలి.