అత్త దాక

జూలై 6, ఆదివారం

వెళ్ళొచ్చాం. వెళ్ళకుండా ఉండాల్సింది.

తోటికోడలు గౌరి పెట్టిన హోటల్ బాగుంది. అలా రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, బాగుంది. భోగాపురం దాటాక బీచ్ రోడ్డు పక్కన తాటాకు కప్పు, అలికిన అరుగులు, ఎదురుగా సముద్రం. పేరు ‘నిదానం’. ఆదివారం పదింటికి బ్రంచ్ అట! వేట నుంచి వచ్చి మా నాన్న పదింటికి తినే చద్దన్నం, నిన్నటి చేపల పులుసు... అదే. ఇప్పుడు వైజాగ్ నుంచి కార్లలో వచ్చి తింటున్నారు.

పులుసు అత్త దాకలో తెచ్చారు. మా ఇళ్ళల్లో అత్త వండిన మట్టి దాక పెద్దకోడలికే వస్తుంది. పెద్దకోడలిని నేను. పద్దెనిమిదేళ్ళు దాన్ని తోమింది నేను.

కారులో వచ్చినావిడ, ఎవరి వంట అని అడిగింది. అత్త గౌరి వీపు నిమిరింది. “మా సిన్నకోడలు. సెయ్యి మంచిది.”

ఈయన రెండోసారి పులుసు వేయించుకున్నాడు.

జూలై 7

కుళ్ళా? కుళ్ళే. నా డైరీలో కూడా అబద్ధం దేనికి.

జూలై 9

“ఏటే, మొకం అలా ఎట్టుకున్నావు?” — ఈయన.

దాక నాకివ్వాలి కదా అన్నాను.

“నువ్వు కుక్కర్లో వండతావు. నీకు దాకతో ఏటి పని?”

నిజమే. అందుకే ఇంకా మండింది. మిషన్ మీద కూర్చుని ఒక జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టాను. మళ్ళీ విప్పాను.

జూలై 13, ఆదివారం

పొద్దున్నే గౌరి ఫోన్. “అక్కా, జనం ఎక్కువొస్తన్నారు. ఓ సెయ్యి ఎయ్యవా?”

వెళ్ళాను. మూడింటి దాకా నడుము వంచే ఉన్నాను. అందరూ గౌరితో ఫొటోలు దిగారు. నన్ను నీళ్ళు అడిగారు.

చివర్లో గౌరి నన్ను కావలించుకుంది. “నువ్వు లేకపోతే సచ్చిపోదునక్కా.” దాని ఒంటి నిండా పులుసు వాసన. అత్త దగ్గర వచ్చే వాసన.

వెనక కుళాయి దగ్గర దాక. తవుడు, వేడినీళ్ళు — అంతే, దానికి సబ్బు తగలకూడదు. మట్టి సబ్బును తాగేస్తుంది, తర్వాత పులుసులోకి కక్కుతుంది. నాకంటే బాగా ఎవరికి తెలుసు? పళ్ళేలు తోమే నిమ్మకాయ సబ్బు పక్కనే ఉంది.

రుద్దాను. రెండుసార్లు. ఎండలో బోర్లించి వచ్చేశాను.

జూలై 14

చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే నిమ్మకాయ.

జూలై 17

చెప్పేద్దామని ఫోన్ చేశాను. శనివారం సాయంత్రం దాకా టైముంది, దాక పొయ్యి ఎక్కేలోపు చెబితే చాలు. గౌరి ఎత్తింది. “నీ జాకెట్టు అయిపోయింది, తీసుకెళ్ళు” అన్నాను.

జూలై 20, ఆదివారం

నేను వెళ్ళలేదు. ఈయన వెళ్ళొచ్చాడు.

రాత్రంతా దాకలో నానిన పులుసంతా సబ్బు కంపట. నోట్లో పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నట్టే లేచిపోయారట. గౌరి పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చిందట. “నానే ఏదో తప్పు సేసుంటానత్తా...”

సంతోషం వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. ఒక గ్లాసు టీ తాగేంతసేపు ఉంది.

జూలై 22

అత్త వచ్చింది. ఒక్కతే బస్సెక్కి. పాతచీర మూట విప్పి, దాకను నా పొయ్యి గట్టు మీద పెట్టింది.

“ఆ ఆదివారం ఇది తోమింది నువ్వే కదా?”

తల ఊపాను.

“గౌరికి నాను సెప్పలేదు. సెప్తావో మానతావో నీ ఇష్టం.”

మంచినీళ్ళిస్తే తాగలేదు. గుమ్మం దగ్గర ఆగింది. “పెద్దకోడలివి. నీకే సెందాల. ఉంచుకో.”

జూలై 23

బియ్యం కడిగిన నీళ్ళు పోసి మరిగించాను. పారబోశాను. మళ్ళీ మరిగించాను. ఇంకా నిమ్మకాయే.

జూలై 24

మూడోసారి. ఈయన చూస్తున్నాడు. దాక ఇంటికొచ్చింది. అందులో వండడానికి లేదు.

జూలై 26, శనివారం

గౌరి ఫోన్.

“అక్కా, దాక నీకిచ్చిందంట కదా అత్త. మంచిపనే సేసింది. నా సేతిలోనే పాడైపోనాది అది.”

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

“కొత్త దాక కొన్నాను. ఇయ్యాల అందులోనే వండతన్నాను. రేపొచ్చి నువ్వే ముందు రుసి సూడాల. నువ్వు బాగున్నాదంటేనే ఒడ్డిస్తాను. వస్తావా?”

వస్తానన్నాను.

దాకలో ముఖం పెట్టి వాసన చూశాను. పోయినట్టే ఉంది... లేదు, ఉంది. అడుగున, ఇంకా.

రేపు గౌరి ఎదురుగా కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోవాలి. అది నా ముఖం వంకే చూస్తూ ఉంటుంది.