గుమ్మపాల సంగతి

కామసముద్రం,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రేమకు, అన్న పురుషోత్తం ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, మీ వదిన సవిత బాగున్నారు. నా సంగతి కింద రాస్తున్నాను. టమాట లోడుతో శివమొగ్గకు వస్తున్న చంద్రు ఈ కవరు నీ చేతికే ఇస్తాడు. రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మీ అత్తగారే ఎత్తి స్పీకరు పెట్టారు. వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

నీ జాబులో మూడు అడిగావు. మొదటిది వాన సంగతి. పడింది, రాగి పైరు చల్లాము. నేనెందుకు చిక్కిపోయానన్నది రెండోది. పాప రక్షిత కడుపునొప్పి అంటోంది, మే నెలలో మా ఇంట్లో ఏం తిన్నదన్నది మూడోది. అది రాయబోయి ఇప్పటికి నాలుగుసార్లు లేచాను.

ముందు రెండోది. సాయంత్రమైతే జ్వరం, కడుపులో బరువు. మన ఇంట్లో ఎవరికేమైనా నాయన పనిచేసిన బంగారు మైన్ దుమ్మే కారణమంటాం కదా. ఛాతీకి రెండుసార్లు ఎక్స్‌రే తీయించి, బాగుందంటే ఆరు నెలలు ఊరుకున్నాను. చివరికి కోలారులో డాక్టరమ్మ పొట్టకు స్కాన్ చేయించింది.

"మా నాయన మైన్లో పని చేసినాడు మేడం," అన్నాను.

"నాయన చేసినాడు. నువ్వు యాడ చేసినావప్పా? ఆవుల్ని మేపుకుంటా ఉండావు," అంటూ చీటీ వెనక బొమ్మ గీసింది.

పేగులను వెన్నుకు పట్టి ఉంచే పలుచని పొర ఒకటుందట. అందులో వెంట్రుక కన్నా సన్నని గొట్టాలు. తిన్నదాంట్లోని కొవ్వు నేరుగా రక్తంలోకి పోదు. ఈ గొట్టాల్లో తెల్లగా, పాలలా నడుస్తుంది. దారిలో చిక్కుడు గింజల్లాంటి లింఫు గ్రంథులు దాన్ని వడపోస్తాయి. గొట్టాలన్నీ నడుము పైన, వెన్నుకు ముందున్న చిన్న సంచిలో చేరతాయి. అక్కడి నుంచి ఒకే గొట్టం ఛాతీ గుండా ఎక్కి ఎడమ మెడ కింద రక్తంలో కలుస్తుంది. నా గ్రంథులు ఉబ్బాయి. సూదితో ముక్క తీసి టీబీ అని తేల్చారు. ఆరు నెలల మాత్రలు మొదలుపెట్టాను.

"పాలు కాచకుండా తాగుతావా?" అని అడిగింది.

"గుమ్మపాలు మేడం. పొదుగు కింద లోటా పెట్టి, నురుగుతోనే. చిన్నప్పట్నుంచీ."

"దాంతోనూ రావచ్చు. కచ్చితంగా చెప్పలేను. ఆవుకు టెస్టు చేయించు."

పశువుల డాక్టరు ఎర్రావు మెడకు సూది వేశాడు. మూడో రోజుకు అక్కడ నిమ్మకాయంత వాపు. అంటే ఆవుకూ టీబీ ఉన్నట్టేనట. దాన్ని వేరుగా కట్టేశాము. పాలు ఎవరికీ పోయడం లేదు.

ఇంక మూడోది. మే నెలలో పాపను మా దగ్గర వదిలి, కాచిన పాలే ఇవ్వమని చెప్పి నువ్వు వెళ్లావు. మరునాటి నుంచే నా లోటా రక్షితకు అందించాను.

"అమ్మ వద్దనింది మామా," అంది.

"నువ్వు పల్లె పిల్లవా, ప్యాకెట్ పిల్లవా? మీయమ్మ ఈ పాలు తాగే అంత పొడుగైంది. తాగు, ఇంట్లో చెప్పమాకు," అన్నాను.

ఇరవై ఆరు రోజులు. సవితకూ తెలియదు. అంతకు ముందోసారి ఫోన్లో మీ అత్తగారు అడిగితే మామిడిపండ్లు ఎక్కువ తిన్నదన్నాను. అది అబద్ధం.

ఇది అందగానే పాపను పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. పచ్చిపాల మాట ముందు చెప్పు. నయమయ్యే జబ్బేనని, ఆలస్యం మాత్రం చేయొద్దని డాక్టరమ్మ అంది. ఆమె బొమ్మ, ఆవు టెస్టు చీటీ లోపల పెట్టాను.

తల్లికి జాగ్రత్త లేదని మీ ఇంట్లో నిన్నే అంటారు. ఫోన్లో నేనేం చెప్పినా చెల్లెల్ని వెనకేసుకొస్తున్నాడని కొట్టేస్తారు. అందుకే నా చేత్తో రాసి సంతకం పెడుతున్నాను. మీ ఆయనకూ, అత్తగారికీ ఇది చూపించు.

ఇట్లు,
రక్షితకు ఆ పాలు పట్టిన మేనమామ,
ఆర్. పురుషోత్తం.