క్యాసెట్టామె అసలు గొంతు

మార్చి 16, ఆదివారం

ప్రాక్టీసులో మళ్లీ గొంతు విరిగింది. ఈస్టర్ పాట ఆఖరి చరణంలో పైకి వెళ్లే ఆ ఒక్క స్వరం దగ్గరే. జనవరిలో థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇదే వరస. గొంతు నరం బాగానే ఉందంటాడు డాక్టర్. నరం బాగుండి ఏం లాభం, స్వరం రావాలి గానీ.

ఇమ్మానుయేలన్న కీబోర్డు మీద గుడ్డ కప్పి, స్టెల్లా, ఈసారి మౌనికను పాడనిద్దాం, నువ్వు జర రెస్ట్ తీసుకో అన్నాడు. ఫికర్ చెయ్యకు, వచ్చే ఏడు నువ్వే అని కూడా అన్నాడు. మా క్వైర్ లీడర్ వచ్చే ఏడు అన్నాడంటే ఇక లేనట్టే. సరే అన్నా అని నవ్వాను. ఇబ్రహీంపట్నం నుంచి శేరిగూడలో మా ఇంటి దాకా స్కూటీ మీద ఏడుస్తూ వచ్చాను. హెల్మెట్ ఉంది కాబట్టి పరువు దక్కింది.

మార్చి 17

కాలేజీ ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు ఆదా చేస్తున్నానని చెప్పాను. దేనికోసమో నాకే తెలీదు.

మార్చి 22, శనివారం

ఆ పాట ట్యూన్ అసలు మాది కాదు. ఇమ్మానుయేలన్న వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో ఎవరి దగ్గరో ఒక క్యాసెట్ కాపీ చేయించుకొచ్చాడు. ఇటలీ ఒపేరా, అంటే పాటలతోనే నడిచే నాటకం. అందులో ఒక తల్లి దేవుణ్ణి వేడుకునే పాట ఉంది. దానికి తెలుగు మాటలు కట్టాడు. క్యాసెట్ విని విని హార్మోనియం మీద స్కేలు పట్టాడు. ఆ స్కేలే మా చర్చికి శాసనం. పాడినామె ప్రపంచమంతా పేరున్న సొప్రానో, పై స్థాయిలో పాడే గాయని అట. మాకు మాత్రం క్యాసెట్టామె.

ఇవాళ అంకిత కొంగరకలాన్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చింది. మమ్మీ, నీ క్యాసెట్టామె దొరికింది, పాత రికార్డింగు సాఫ్ చేసి రీమాస్టర్ చేసిండ్రట అంటూ తన హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టింది.

క్యాసెట్‌లో ఎప్పుడూ వెనకాల పోపు వేగుతున్నట్టు చప్పుడు ఉండేది. అది పోయింది. ఎవరో కుర్చీ జరపడం వినిపించింది. వయొలిన్ ఒకటే అనుకునేదాన్ని, బోలెడన్ని ఉన్నాయి. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఇన్నాళ్లూ ఆమెకు ఆ అవసరం లేదనుకున్నాను. ఇక ఆ పై స్వరం. మాలాగా ఎగబాకదు. పక్కగదిలోకి నడిచినట్టు వెళ్లిపోతుంది. ఎంత అందంగా పాడిందో తల్లి. పాట అయిపోయాక కూడా హెడ్‌ఫోన్స్ తీయబుద్ధి కాలేదు.

ఒక్కటే చిరాకు. క్యాసెట్‌లో పదహారేళ్ల పిల్లలా ఉండేది. ఇందులో పెద్దావిడ. నెమ్మదిగా, నిండుగా పాడింది. శుభ్రం చేస్తామని గొంతే మార్చేశారేమో అని తిట్టుకున్నాను.

మార్చి 25, ఉదయం 6.40

చపాతీలు కాలుస్తూ ఫోన్లో పాట పెట్టుకుని ఆమెతో పాటు పాడాను. పై స్వరం వచ్చింది. నాకు. విరగలేదు. చపాతీ మాడింది.

మళ్లీ పాడాను. మళ్లీ వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

ఫోన్లో పియానో యాప్ పెట్టి చూశాను. మేము పాడేది ఇంగ్లీషు ‘ఏ’ స్కేలు. ఆమె పాడింది ‘జి’. పూర్తిగా ఒక మెట్టు కింద. అంకిత ఇదే పాట వేరేవాళ్లు పాడినవి కూడా వెతికి వినిపించింది. అందరూ జి లోనే. మమ్మీ, మీ అన్న క్యాసెట్ స్పీడుగ తిరిగినట్టున్నది, అందుకే ఆమె చిన్నపిల్ల లెక్క ఉండె అంది. స్పీడు పెరిగితే స్వరమూ పైకి పోతుందట.

అంటే ఇన్నేళ్లుగా మా చర్చి ఒక పాడైన టేప్‌రికార్డర్ మోటారుతో పోటీపడి పాడుతోంది. కూర్చుని పొట్టపట్టుకుని నవ్వాను. ఆపరేషన్ తర్వాత గొంతు కాస్త తగ్గిన మాట నిజమే. కానీ పోలేదు. నా గొంతు పోలేదు. ఎంత హాయిగా ఉందో రాయడం చేతకావడం లేదు.

మార్చి 30, ఆదివారం

ఇమ్మానుయేలన్న ఇంటికి వెళ్లాను. అవమానపడతాడేమోనని దారంతా భయం. కరుణ వదిన చాయ్ ఇచ్చి భర్త కుర్చీ వెనకే నిలబడింది. నేను స్కేలు సంగతి చెప్పి పాట వినిపించాను. మొదట అన్న, నీ ఫోనే ఖరాబైంది అన్నాడు. తర్వాత గిన్నేండ్లు గట్లెట్ల పాడినం అన్నాడు. కీబోర్డు తెచ్చి ‘జి’ నొక్కాడు, ‘ఏ’ నొక్కాడు, మళ్లీ ‘జి’ నొక్కాడు. చివరికి, జి లనే పాడుదాం, నువ్వే పాడు, మౌనికకు నేను చెప్త అన్నాడు.

వదిన ఖాళీ కప్పులు అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 31

మౌనిక మెసేజ్. థాంక్స్ అక్కా, ఆ పై నోట్ తలుచుకుంటే నాకు అన్నం పోతలేకుండె. కింద వరసగా దండాలు.

ఏప్రిల్ 20, ఈస్టర్

సమాధుల తోటలో తెల్లవారి ఆరాధన. గాలికి కొవ్వొత్తులు నిలవలేదు. జి లో పాడాను. ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి ఎగబాకలేదు, నడిచాను. వచ్చింది. అమ్మయ్య.

స్కేలు మారిందని ఎవరూ పసిగట్టలేదు. ఎల్లేశ్ తాత మాత్రం, ఈసారి పాట నిమ్మళంగ పాడినవ్ బిడ్డా, మాటలన్నీ సమజైనయి అన్నాడు.

ఏప్రిల్ 21

కరుణ వదిన ఒక్కతే ఆటోలో వచ్చింది. ఆ ఇటలీ పాట పెట్టమంది. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

నాకంటే ముందు ఆ పాట ఆమెదే. పై స్వరం విరుగుతోందని ఇమ్మానుయేలన్న ఆమెను ఆపి నాకిచ్చాడు. అప్పటినుంచి చర్చిలో పెదవులు మాత్రమే కదుపుతుంది.

హెడ్‌ఫోన్స్ తీసి, అయితే నా గొంతు మంచిగనే ఉండె అంది.

మళ్లీ పెట్టమంది. ఈసారి పాడింది.