కొలాంబ్ సీలు

సాంత్-ఒరెలీ,
అక్టోబరు 19

నాన్నకు, మీ కొలాంబ్ రాస్తున్నది.

మీకు చూపు ఆనదు గనక ఈ ఉత్తరం చదివి వినిపించేది గయెటాన్ అన్నయ్యే. అందుకని ముందు అతనికో మాట. అన్నయ్యా, ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు. మింగావని తెలిసిందో, నేనే చికూటిమి వచ్చి ఆ వృద్ధాశ్రమం భోజనాల గదిలో అందరి ముందూ గట్టిగా చదువుతాను.

నాన్నా, మన పాత కొట్టాం తాళం పగలగొట్టాను. మీ పసుపుపచ్చ మంచుబండిని ట్రైలరు మీదికెక్కించి మా ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగేళ్ళుగా అన్నయ్యను అడుగుతున్నాను. "ఆ తుప్పు డొక్కు నీకెందుకే?" అంటాడే గానీ తాళంచెవి ఇవ్వడు. కొట్టానికి కొత్త తాళం వేశాను. దాని చెవి ఈ కవరులోనే ఉంది. దొంగతనం అనుకుంటే అనుకోండి.

ఫిబ్రవరి మొదటి ఆదివారం, అందరూ సరస్సు దాటే రోజున, ఆ బండిని చర్చి ముందు తెల్ల దుప్పటి మీద నిలబెడతాను. ఇంజను పావుగంట నడిచినా దుప్పటి మీద ఒక్క చుక్క పడకపోతేనే మంచు మీదికి వదులుతారు. ఊరంతా తాగేది ఆ సరస్సు నీళ్ళే కదా. ఆ కట్టుబాటు పెట్టిన పెద్దల్లో మీరూ ఒకరు, నేను చెప్పేదేముంది.

ఇప్పుడెందుకీ పట్టుదల అంటారేమో. ఈ ఊళ్ళో కుళాయి కారినా, చూరు కారినా, చంటిపిల్లాడి ముక్కు కారినా "కొలాంబ్ సీలు" అంటారు. నేను పక్కన నుంచుని ఉండగానే అంటారు. యాభై ఏళ్ళ నుంచి వింటున్నాను. నాకు పదిహేనేళ్ళప్పుడు, ఆ నవంబరులో, ఈ బండి గొలుసుపెట్టెకు ఇరుసు చుట్టూ ఆయిలు కారకుండా ఆపే రబ్బరు చుట్టు, ఆ ఆయిల్ సీలు, నేను వేశాను. మార్చిలో మీరు సరస్సు నడిమధ్య ఉండగా పెట్టెలో ఆయిలంతా కారిపోయి, గొలుసు ఎండిపోయి తెగింది. పదకొండు కిలోమీటర్లు మంచులో నడిచి వచ్చారు. ఎడమకాలి వేళ్ళు రెండు తీసేశారు. సరస్సు మీది నుంచి నడిచొచ్చి గుమ్మంలో అడుగుపెడుతూనే మీరన్న మాట నాకింకా వినిపిస్తుంది: "ఈ పిల్ల సీలు తిరగేసి వేసింది." ఆ రోజు నుంచి నన్ను కొట్టాంలోకి రానివ్వలేదు. నేను ఎదురు చెప్పలేదు. తిరగేసే వేశానేమో అనుకున్నాను. ఆ రెండు వేళ్ళనూ తలుచుకుని ఎంత ఏడ్చానో మీకు తెలియదు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను, దాని ఇంజను మీద పరాయి చెయ్యి పడనివ్వలేదు, అయినా ఈ ఊరికి నేను సీలు కొలాంబ్‌నే.

సామాన్ల కోసం తుక్కు దుకాణం విల్‌బ్రో దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే బూట్లు వెనక్కి లాక్కున్నాడు.

"దూరం దూరం కొలాంబ్, నా బూట్ల మీద కారుస్తావేమో!"

"నీ నోరు కారకుండా చూసుకో ముందు. గొలుసుపెట్టె సీలుందా?"

"ఆ కంపెనీ మూతపడడం నీ పెళ్ళినాటి మాట. సీలెక్కణ్ణుంచి తెమ్మంటావ్?"

"కొలత చెప్తాను, వెతుకు."

మూడు వారాలు వెతికాడు. చివరికి గడ్డికోత యంత్రం సీలు సరిగ్గా అదే కొలతకు దొరికింది. బేరింగులు ఓ రంపపు మిల్లు నుంచి వచ్చాయి. గొలుసు మాత్రం ఒంటారియోలో ఎవరి దగ్గరో ఉందట. ఎన్ని లింకులో, బండి కొలతలు రాసుకున్న నా చిన్ననాటి పుస్తకంలో చూసి రాసి పంపాను. అది రావాలి.

మీరు వద్దన్నా నేను ఆగను.

ఇట్లు,
సీలు కొలాంబ్


సాంత్-ఒరెలీ,
జనవరి 12

నాన్నకు,

అన్నయ్యా, ఈ ఉత్తరం చదివే ముందు మంచినీళ్ళు తాగు.

గొలుసు వచ్చింది. వేయబోతే రెండు చివరలూ కలవలేదు. పొట్టిదైపోయింది. విల్‌బ్రో నవ్వాడు. "లెక్క కూడా కారిపోయిందా ఏం?" అన్నాడు. నా పుస్తకంలో అక్షరం తప్పు లేదు. అప్పుడు పై పళ్ళచక్రం తీసి లెక్కపెట్టాను. నేను బిగించినది పదిహేను పళ్ళది. ఇది పందొమ్మిది. విల్‌బ్రో కూడా కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆ తర్వాత అతను నవ్వలేదు. తెగిన పాత గొలుసు పెట్టె అడుగునే పడి ఉంది. పెద్ద చక్రానికి పొడుగు చాలక దానికి వేరే గొలుసులోంచి తెచ్చి అతికించిన లింకులున్నాయి, అతికిన చోటే తెగింది.

అప్పుడు మూతకు అంటుకుని ఉన్న ప్యాకింగ్, పెట్టెకూ మూతకూ మధ్య సందు మూసేది, చూశాను. నేను వేసింది గోధుమరంగు ప్యాకింగ్ కాగితం, కత్తిరించడానికి ఓ పూటంతా పట్టింది. ఇప్పుడక్కడ ఉన్నది చర్చి క్యాలెండరు అట్ట. లోపలి అంచంతా నాని పిండైపోయింది, ఆయిలు కారిపోయింది అక్కణ్ణుంచే. బోల్టుల దగ్గర బయటికి మిగిలిన చోట అచ్చు ఇంకా కనిపిస్తోంది. ఫిబ్రవరి నెల. గొలుసు తెగిన సంవత్సరపు ఫిబ్రవరి.

నవంబరులో నేను మూసిన పెట్టెను ఫిబ్రవరిలోనో ఆ తర్వాతో ఎవరో తెరిచారన్నమాట. అవతలి ఒడ్డున ఆర్మెల్ అనే పిల్ల కోసం ఆ చలికాలమంతా సరస్సు దాటింది ఎవరు? బండి ఇంకాస్త పరుగెత్తాలని పెద్ద చక్రం వేసింది ఎవరు? పెళ్ళయి మనవలు పుట్టినా, ఏటా కొత్త సంవత్సరం విందులో ఈ కథ రాగానే కట్టెలు తెస్తానని లేచి బయటికి పోయేది ఎవరు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. అన్నయ్యా, ఆగకు, చదువు.

నా సీలు, నాన్నా, ఇప్పటికీ దాని గూట్లోనే ఉంది. ఇరుసును పట్టే దాని పెదవి ఆయిలు వైపే ఉంది. ఎండి రాయైంది గానీ తిరగబడలేదు. దాన్ని ఊడదీసి చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

కొత్త సీలు వేశాను. పాతది ఇరుసు మీద కాస్త గాడి పెట్టింది, అందుకని కొత్తదాన్ని రవ్వంత లోపలికి దింపాను, పెదవి నున్నటి చోట ఆనుతుంది. పదిహేను పళ్ళ చక్రం తిరిగి వేశాను. ప్యాకింగ్ నా చేత్తోనే కత్తిరించాను. పెట్టెలో కిరసనాయిలు పోసి రెండు రోజులు ఉంచాను. ఆయిలు దూరని సందులో కూడా అది దూరుతుంది. ఎక్కడా చెమ్మ లేదు.

నాకు క్షమాపణలు అక్కర్లేదు. అన్నయ్య చర్చి మెట్ల మీద నిలబడి ఊరికి చెప్పాలి, అంతే. చెప్పకపోతే ఆ క్యాలెండరు ముక్కను చర్చి తలుపుకు మేకేసి కొడతాను.

ఇట్లు,
సీలు కొలాంబ్


చికూటిమి,
జనవరి 21

కొలాంబ్‌కు,

చదివాను. పళ్ళు లెక్కపెట్టిన చోట ఆగాను. నాన్న "చదవరా, ఆగావేం?" అన్నారు. పూర్తిచేశాను. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు, రాసుకోమన్నారు. ఆయన మాటలు ఆయనవిగానే రాస్తున్నాను.

"అమ్మాయ్, నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడోనాడే ఆ పెట్టె విప్పి చూశాను. క్యాలెండరు చూశాను, చక్రం చూశాను. మళ్ళీ మూత పెట్టేశాను. అప్పటికే నీ సీలు మాట ఊరంతా పాకింది. బండ్లు బాగుచేసే మన వర్క్‌షాపు మీ అన్న చేతికి రావాలి. వీడు తండ్రి కాలివేళ్ళు పోగొట్టాడంటే ఒక్కడైనా బండి తెస్తాడా? నువ్వు ఆడపిల్లవి, ఇంకో ఇంటికి పోతావు, ఆ మాట నిన్నేం చేస్తుందిలే అనుకున్నాను. ఇంత పని చేస్తుందనుకోలేదు. నిన్ను కొట్టాంలోకి రానివ్వంది కోపంతో కాదు. వస్తే విప్పుతావు. విప్పితే నీకు తెలిసిపోతుంది."

చెల్లాయ్, యాభై ఏళ్ళు నాన్నకు తెలియదనుకుంటూ బతికాను. ఆయన తనకు తెలుసని నాకు తెలియనివ్వకుండా బతికారు. మధ్యలో మోసింది నువ్వు. నువ్వు పెట్టె విప్పి చూస్తావనే నీకు తాళంచెవి ఇవ్వలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు, పోతుందో లేదో గానీ నేను వస్తాను.

గయెటాన్


సాంత్-ఒరెలీ,
ఫిబ్రవరి 3

నాన్నకు,

మీ మాటలకు మూడు జవాబులు రాసి మూడూ పొయ్యిలో వేశాను. మీ పొరపాటు మాటను యాభై ఏళ్ళు మోసినా మోయగలిగేదాన్ని. తెలిసి మోయించారు చూడండి, అది నా గుండెలో దిగింది. క్షమించానని రాయను. రాస్తే అబద్ధమవుతుంది.

నిన్న దుప్పట్లు పరిచారు. అన్నయ్య వచ్చాడు. టోపీ తీసి మెట్టెక్కి, "పెట్టె విప్పింది నేను. క్యాలెండరు అట్ట వేసింది నేను. కొలాంబ్ సీలు ఎన్నడూ కారలేదు" అన్నాడు. ముందుగా బేకరీ ఇమెల్డా నోరు తెరిచింది.

"మరి ఇకనుంచి కారేవాటిని గయెటాన్ ప్యాకింగ్ అనాలా?"

"అనండి, అనండి. యాభై ఏళ్ళు అనండి" అన్నాడు అన్నయ్య. ఊరంతా పడీపడీ నవ్వింది. అతనూ నవ్వాడు గానీ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

తాడు రెండో గుంజుకే ఇంజను అందుకుంది. పావుగంట నడిచింది. నేను దుప్పటి వైపు చూడలేదు, జనం మొహాలు చూస్తూ నిలబడ్డాను. విల్‌బ్రో మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటికి ముక్కు ఆనించి లేచి, దారి వదలమని చెయ్యి ఊపాడు. అందరికంటే ముందు నేనే సరస్సు దాటాను. మీ బండి ఆగిన చోట నేను ఆగలేదు. అవతలి ఒడ్డున రెండు గిన్నెల బఠాణీ సూపు తాగి, అదే దారిన తిరిగి వచ్చాను.

గొలుసుపెట్టె కింద పడే చోట దుప్పటి చతురస్రంగా కత్తిరించాను. చర్చి ఆడవాళ్ళు తిట్టారు, కొత్తది కొనిస్తానన్నాను. ఆ ముక్క ఈ కవరులో ఉంది. అన్నయ్యా, దాన్ని నాన్న చేతిలో పెట్టు. నాన్నా, మీకు చూపు లేకపోయినా, గది అవతల ఆయిలు ఒలికినా ఏ ఇంజనుదో చెప్పే ముక్కు మీది. వాసన చూడండి. ఎంతసేపు చూసినా సబ్బు వాసనే వస్తుంది.

ఇట్లు,
మీ కూతురు
కొలాంబ్