నలగని బీడీలు

మంగళవారం, రాత్రి

ఈ రోజు మా ఆయన బండి మీద నుంచి పడ్డాడు. పొద్దున భవాని పేట్‌లో మగ్గాల పనికి వెళ్తుంటే, వెనక నుంచి ఒక లారీ రాసుకుంటూ పోయిందట. చెవి మీద తోలు లేచిపోయింది. సాయంత్రం ఇంట్లోకి వస్తూనే నవ్వుతూ చెప్పిన మాట మాత్రం ఇది: "అరే, నీ బీడీలు ఒక్కటి గూడ నలగలే, తెల్సా!"

ఎందుకు నలుగుతాయి? అవి హెల్మెట్‌లో ఉన్నాయి. ఊరి బయట ఈ కుంభారికి వచ్చిన కొత్తలో, నేను చుట్టి ఆయనతో కార్ఖానాకు పంపే బీడీలు సంచిలో నలిగితే అక్కడ పక్కకు తీసేస్తున్నారని, కట్టలన్నీ ఆ హెల్మెట్‌లో సర్ది హ్యాండిల్‌కు తగిలించింది నేనే. అప్పటి నుంచి అది ఆయన తలకెక్కలేదు.

చెవికి పసుపు అద్దుతూ, పైకి వేళ్లతో కొలిచి చూశాను. దెబ్బ ఇంకో రెండు వేళ్లు పైకి తగిలి ఉంటే...

అన్నం తింటుంటే టీవీలో చెప్పారు, దేశంలో రోడ్ల మీద చచ్చిపోయేవాళ్లు మళ్లీ పెరిగారట. ఎక్కువమంది రెండు చక్రాల బండ్ల మీద పోయేవాళ్లేనట.

"రేపటి సంది నెత్తికి పెట్టుకో," అన్నాను.

"గది దేశం ముచ్చట. మనదేముంది, కుంభారి నుంచి పేట్ దాకనే గదా," అన్నాడు. "మరి బీడీలు యాడ పెట్టాలె?"

టీవీ వాళ్లు లెక్క చెప్పినవాళ్లంతా కూడా ఏదో ఒక పేట్ దాకా పోదామని బయల్దేరినవాళ్లే కదా.

ఇది రాయడానికి కూర్చునే ముందు రేపటి కట్టలు సర్దాను. సగం నిండాక గానీ చూసుకోలేదు, దేంట్లో సర్దుతున్నానో.