తొమ్మిదో అరలో చిక్కిన పెళ్లి సూటు

పురపాలక ఈతకొలను అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: 009 నంబరు అర తెరిపించి, అర్జీదారుని దుస్తులను పదకొండు గంటలలోపు ఇప్పించుట గురించి.

వృత్తిరీత్యా దర్జీనైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నేడు పదకొండింటికి పక్క భవనంలోని రిజిస్ట్రారు ఆఫీసులో నా వివాహం. భయం తగ్గుతుందని ఈతకు వచ్చి, స్వహస్తాలతో కుట్టుకున్న పెళ్లి సూటును 009లో పెట్టి తలుపు మూసితిని. మూయుటకు నంబరు అక్కరలేదు. తెరుచుటకే గోడనున్న మీటల పెట్టెలో అర నంబరు నొక్కవలెను.

2. సదరు మీటల పెట్టె మూడంకెలు నొక్కితేగాని వినదు. 009 నొక్కగా "ఈ అంకె చెల్లదు" అన్నది. పోనీ అని 010 నొక్కగా 008 తెరుచుకుని, ఎవరో పెద్దమనిషి ప్యాంటు దర్శనమిచ్చినది. వెంటనే మూసితిని. నడుము నలభై అని మాత్రం కంటపడినది, వృత్తిదోషం.

3. కౌంటరు బాబాయిని మారుతాళం అడిగితిని. "రాతపూర్వకంగా అర్జీ ఉంటే తప్ప తాళం ముట్టుకోను నాయనా, రూలు రూలే" అన్నాడు. కావున తువ్వాలు చుట్టుకుని ఇది రాయుచున్నాను. కాగితం తడిసినందుకు మన్నించగలరు.

4. టైము పదిన్నర. ఊళ్లో సగం మందికి ప్యాంట్లు కుట్టినవాణ్ణి, నాకే లేకుండా పోయింది. అయ్యా, పెళ్లికూతురు అక్కడ ఒక్కతే కూర్చుని, నేను పారిపోయాననుకుంటే నా గతేమిటి?

తడికాళ్లతో చేసుకున్న ఈ మనవిని తక్షణమే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తువ్వాలులోనున్న దర్జీ

తా.క.: బాబాయి ఫోనులోంచి ఆమెకు చేశాను. కంప్యూటర్లకు ఆదేశాలు రాసే ఉద్యోగం ఆమెది. అంతా విని, "ముందు మైనస్ మీట నొక్కి 011 కొట్టు. మైనస్ అరలు ఉండవు కదా, ఎవరిదీ తెరుచుకోదు. ఏమంటుందో చదువు" అంది. "-9 నంబరు అర లేదు" అని వచ్చింది. ఫోనులో ఒకటే నవ్వు.

"ఆ పెట్టెను నడిపేది షెల్ స్క్రిప్టు అనే ఆదేశాల జాబితా. ముందు సున్నా కనబడితే చాలు, ఎనిమిదుల లెక్కలో చదివేస్తుంది. ఆ లెక్కలో ఏడు తర్వాత పదే. ఎనిమిది, తొమ్మిది అనే అంకెలే లేవు. మన తొమ్మిది దానికి 011. మైనస్ తీసేసి కొట్టు, త్వరగా రా. ప్యాంటు దొరక్కపోయినా రా, సంతకం పెట్టేది చేత్తోనే కదా!"

కొట్టాను. తెరుచుకుంది. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందో ఏ అర్జీలోనూ పట్టదు.

ఇక తాళం అక్కర్లేదు. అయితే మా రెండో సాక్షి బస్సు తప్పిపోయి ఇంకా దారిలోనే ఉన్నాడట. "పదవయ్యా, సంతకమేగా, నేను పెడతా" అంటూ బాబాయి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కనుక అరగంటసేపు కౌంటరులో ఎవరూ ఉండరు. ఆయనపై చర్య తీసుకోదలిస్తే, దయచేసి సంతకాలు అయ్యాక తీసుకోండి.