సుగ్గికి పోయిన జట్టు

మైదుకూరు,
నవంబరు.

ప్రియమైన పద్మకు,

అమ్మ దీవెనలు. ఫోన్ చేస్తే "బాగుండానమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరమైతే నువ్వు అంత సులువుగా తప్పించుకోలేవు.

పోయినేడు ఒక్క ఆటా గెలవని జట్టును, ఎన్నడూ జట్టు నడపని నీ చేతిలో పెట్టారు. ఎమ్మిగనూరులో ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్ అంటే నలుగురూ నాలుగు మాటలంటారని మీ నాన్న బాధ. నా దిగులు వేరే. పాతవాళ్లను అయిదుగురిని తీసేశానని, ఆ పేర్లు మైదానం గేటుకు అతికించానని మొన్న తేలిగ్గా చెప్పావు. అందులో కెప్టెన్ ఉరుకుందమ్మ కూడా ఉందట. మగ్గం నేసుకుంటూ, బిడ్డను సాకుకుంటూ అన్నేళ్లు గోల్ కాచిన మనిషి. పేరు చూసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయిందన్నావు. ఏదో ఒకటి అని ఉంటే నాకు నిద్ర పట్టేది.

ముందుగా ఇంటికి వెళ్లి చెప్పావా తల్లీ, లేదా?

వేళకు తిను.

నిన్నే తలుచుకుంటూ,
అమ్మ నాగలత


ఎమ్మిగనూరు,
డిసెంబరు.

ప్రియమైన అమ్మా,

నమస్కారం. ఇంటింటికీ వెళ్లి చెప్పుకుంటూ ఉంటే ఆట సాగదమ్మా. ఉరుకుందమ్మక్క మీద నాకేం కోపం లేదు. వయసు మీద పడింది, అంతే.

కొత్త పిల్లలను నువ్వు చూడాలి. కోసిగి వైపు పల్లెల నుంచి ఏరి తెచ్చాను. బస్సు దిగీ దిగగానే బంతి కోసం కొట్టుకుంటారు. గోల్ కాసే అంజలికి పద్దెనిమిదేళ్లు, గాలిలోకి ఎగిరి బంతి పడుతుంది. నిన్న ఆదోని జట్టు మీద గెలిచాం! మా క్లబ్ పెద్ద దేవేంద్రప్ప మాత్రం మిఠాయి నములుతూనే, "సరేలేమ్మా, మెరప పండనీ, అప్పుడు సూద్దాం నీ జట్టు" అన్నాడు. ఆడపిల్ల జట్టు నడిపితే మగవాళ్లకు ఎగతాళే కదా. పట్టించుకోలేదు.

నువ్వు దిగులు పెట్టుకోకు.

ప్రేమతో,
నీ పద్మశ్రీ


మైదుకూరు,
జనవరి.

నా బంగారు తల్లి పద్మకు,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఫోన్ ఎత్తవు. నిన్న ఎత్తి, జలుబు చేసిందన్నావు. జలుబు చేసిన గొంతు ఏదో, ఏడ్చిన గొంతు ఏదో నాకు తెలియదా?

శనివారం ఒంటిమిట్ట వెళ్లాను. రామయ్య ముందు నిలబడితే ఏం మొక్కుకోవాలో తోచలేదు. నీ కష్టమేమిటో తెలిస్తే కదా అడగడానికి. ఊరికే చేతులు జోడించి వచ్చేశాను. దెబ్బ తగిలిందా? ఎవరైనా ఏమన్నా అన్నారా? ఏదైనా సరే, నిజం రాయి. అబద్ధం రాస్తే నేను బస్సెక్కి వచ్చేస్తాను.

ఎదురుచూస్తూ,
అమ్మ


ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి.

ప్రియమైన అమ్మా,

నిజమే రాస్తున్నాను. పోయిన నెల ఒక ఆదివారం ఆటకు అయిదుగురే వచ్చారు. ఏడుగురైనా లేకపోతే ఆట మొదలే పెట్టరు. అవతలి జట్టు కాసేపు నిలబడి, ఆడకుండానే గెలిచి వెళ్లిపోయింది.

మర్నాడు అంజలి వాళ్ల ఊరికి వెళ్లాను. వీధంతా తాళాలు. అంజలి వాళ్ల అవ్వ గిడ్డమ్మ ఒక్కతే పసిపిల్లలకు సంగటి తినిపిస్తోంది.

"అంజలి యాడికి పోయిందవ్వా?"

"ఇంగ యాడికి? సుగ్గికి. మెరపకాయలు తెంపను గుంటూరు తట్టుకి పోయినారు. ఏటేటా ఊరంతా పోతాది, నీకు తెల్దా? ఉగాదికి వస్తారులేమ్మా. బంతి యాడికీ పోదు."

మన వైపు ఊరికి ఊరే ఇట్లా పనికి తరలిపోవడం నేను చూడలేదమ్మా. దేవేంద్రప్ప "మెరప పండనీ" అన్నది ఎగతాళికి కాదు, నా మంచికే. నేను ఏరి తెచ్చినవాళ్లంతా ఆ పల్లెలవాళ్లు. నేను తీసేసినవాళ్లంతా ఏడాది పొడుగునా ఊళ్లోనే ఉండే మగ్గాలవాళ్లు.

ఈ నెలాఖరు ఆదివారం కర్నూలులో ఆట. ఇంకొక్కసారి మేం దిగకపోతే పోటీల నుంచి క్లబ్ పేరే కొట్టేస్తారు. ఆ మాట ఉగాదికి తిరిగొచ్చే ఆ పిల్లలకు ఎట్లా చెప్పాలి? బట్టలు సర్దుకున్నాను. వచ్చేయమంటావా?

నీ పద్మశ్రీ


మైదుకూరు,
ఫిబ్రవరి.

ప్రియమైన పద్మకు,

వచ్చేయమని రాయడానికే కలం పట్టాను. రాయలేకపోతున్నాను. ఇప్పుడొస్తే ఆ ఉరుకుందమ్మ కంటబడకుండా, తల దించుకుని బస్సెక్కుతావు. ఆ తల ఇక్కడికి వచ్చాక మాత్రం ఎత్తగలవా?

ఆమె ఇంటికి వెళ్లు. ఆటకు పిలవడానికి కాదు, తప్పు ఒప్పుకోవడానికి. వట్టి చేతులతో వెళ్లొద్దు. పసుపు కుంకుమ, పూలు, పండ్లు తీసుకుపో. లోపలికి రమ్మనకపోతే గడప బయటే కూర్చో. ఏమన్నా పడు. ఆమె రాకపోతే అప్పుడు చూద్దాం.

ఇట్లా రాశానే గానీ, నిన్ను పంపుతున్నందుకు నాకే భయంగా ఉంది. దీపం పెట్టుకుని కూర్చున్నాను.

దీవెనలతో,
అమ్మ


ఎమ్మిగనూరు,
మార్చి.

ప్రియమైన అమ్మా,

పసుపు కుంకుమ అందుకుంది గానీ, ఉరుకుందమ్మక్క మగ్గం ఆపలేదు. నేను గడప దగ్గరే కూర్చున్నాను. నేస్తూనే అంది, "ఆ పొద్దు గేటు కాడ నా పేరు సూసుకుంటి. నన్ను కట్టుకున్న మా ఆయప్ప పక్కనే ఉండె. 'ఏం మే, ఇంగ బంతి ఇడిసిపెట్టి చీర నెయ్యి' అని నవ్వె. ఆ నవ్వు ఇంగా ఈ ఇంట్లోనే ఉండాది, మేడం."

"తప్పు చేసినాక్కా."

"చేస్తివి. గేటు కాడ తీస్తివి కదా, గేటు కాడ్నే పిలువు. మా ఆయప్పను కూడా తోడుకొస్తా ఇనేదానికి."

మర్నాటి సాయంత్రం గేటు ముందు నిలబడ్డాను. టీకొట్టు వాళ్లు, ఆటోల వాళ్లు, ఆమె మొగుడు, అందరూ ఉన్నారు. నాది నీ సన్న గొంతే కదమ్మా, మొదటిసారి ఎవరికీ వినపడలేదు. "సంగటి తినలేదామ్మా?" అని ఆటోల వాళ్లు నవ్వారు. రెండోసారి అరిచాను. "ఉరుకుందమ్మక్కను తీసేసి తప్పు చేసినా. జట్టుకు ఆమె కావాల!" ఆమె నా వైపు చూడలేదు, మొగుడి వైపు చూసింది. ఆయన ఈసారి నవ్వలేదు.

ఇంకో ఇద్దరు మగ్గాల వాళ్లను వెంటపెట్టుకుని వచ్చింది. ఎనిమిది మందిమి అయ్యాం. కర్నూలులో అవతల పదకొండు మంది. నాలుగు గోల్స్ పడ్డాయమ్మా. అక్క లేకపోతే ఎన్ని పడేవో. అయినా చివరిదాకా ఆడాం. క్లబ్ పేరు కొట్టేయలేదు.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. అక్క రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది.

"గోల్స్ తిన్యది నేను. నువ్వేల ఏడుస్తావు? ఉగాదికి ఆ అంజలి వస్తాది. అప్పుడు నన్ను మళ్లా తీస్తావు."

"లేదక్కా."

"అబద్ధాలు సెప్పొద్దు. ఆ పాప నాకంటే బాగా ఎగురుతాది. తీయాల్సిందే. తియ్యి. అయితే ఈసారి ఇంటికొచ్చి సెప్పు. మగ్గం ఆపి ఇంటా."

నీ కూతురు,
పద్మశ్రీ